కారుకు జాకీ వేయడం: ఇంటి దగ్గర చక్రం, బ్రేకు పనులు చేసుకునేవారికి

అందరికీ నమస్కారం. మన ముందున్న ఈ బండి మారుతీ స్విఫ్ట్. ఖాళీగా ఉన్నప్పుడు దీని బరువు దాదాపు 900 కిలోలు. ఇంజను, గేర్‌బాక్సు ముందే ఉంటాయి కాబట్టి సగానికి మించిన బరువు ముందు చక్రాల మీదే పడుతుంది. ముందు ఒక మూల ఎత్తామంటే రెండున్నర క్వింటాళ్ళ బరువు, అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు పది, జాకీ తల మీది చిన్న ఇనుప ముక్క మీద కూర్చుంటుంది. ఆ పక్కనే మన చేతులూ మోకాళ్ళూ ఉంటాయి. బ్రేకు ప్యాడ్లు మార్చడం పెద్ద విద్యేమీ కాదు, పానా పట్టడం వచ్చినవాళ్ళు ఒక పూటలో నేర్చుకుంటారు. ప్రాణం మీదికి తెచ్చేది దానికి ముందున్న పని, బండిని ఎత్తి నిలబెట్టడం. అందుకే ఎక్కువ సేపు దాని మీదే ఉంటాను. బ్రేకుల దగ్గర త్వరగా సాగిపోతాను.

ఒక్క సంగతి మనసులో పెట్టుకుని వినండి. పని మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా ఎప్పుడు అడిగినా మీరు జవాబు చెప్పగలగాలి: ఈ బండి దొర్లకుండా ఇప్పుడు ఏది ఆపుతోంది? కింద పడకుండా ఏది ఆపుతోంది? ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. చాలామంది రెండోదాని గురించే ఆలోచిస్తారు, మొదటిదాని వల్ల దెబ్బ తింటారు.

ఇదిగో, డిక్కీలో కంపెనీ ఇచ్చే జాకీ. కత్తెరలా తెరుచుకుంటుంది. అడుగు చూడండి, నా అరచేయంత వెడల్పు. పూర్తిగా తిప్పితే జానెడున్నర ఎత్తు లేస్తుంది. ఇప్పుడు బండి ఒక్క అంగుళం ముందుకు జరిగిందనుకోండి. జాకీ తల బండి అంచును కరుచుకుని ఉంది కాబట్టి అది బండితో పాటే వెళ్తుంది. అడుగు మాత్రం నేల మీదే ఉండిపోతుంది. జాకీ వాలుతుంది. వాలిన కొద్దీ దాని ఎత్తు తగ్గుతుంది, దిగుతున్న బండి దాన్ని ఇంకా వాల్చేస్తుంది. అక్కడి నుంచి దాన్ని ఆపడం మన వల్ల కాదు, రెప్పపాటులో బ్రేకు డిస్కు నేలకు గుద్దుకుంటుంది. జాకీ విరగలేదు, మర తెగలేదు. అది ఎత్తడానికి చేసిన పనిముట్టు, ఎత్తింది. నిలబెట్టే పని దానిది కాదు.

మరి దొర్లకుండా ఆపేవి ఏమిటి? హ్యాండ్ బ్రేకు, గేరు, చక్రాలకు పెట్టే అడ్డు. ఈ మూడింటిలో ఏది ఎప్పుడు పనిచేస్తుందో, ఎప్పుడు పేరుకే ఉంటుందో తెలియాలి.

హ్యాండ్ బ్రేకు మన దగ్గర తిరిగే కార్లలో దాదాపు అన్నిటికీ వెనక చక్రాలనే పట్టుకుంటుంది. గేరు పట్టు మాత్రం ఇంజను ఏ చక్రాలను నడుపుతుందో వాటికే చేరుతుంది. స్విఫ్ట్, ఐ20, నెక్సాన్ లాంటి బండ్లలో ముందు చక్రాలకు. బొలెరో, ఇన్నోవా క్రిస్టా లాంటి వాటిలో వెనక చక్రాలకు. ఇక్కడే చాలామందికి తెలియని మెలిక ఉంది. గేరు పట్టు చక్రాలకు నేరుగా రాదు, మధ్యలో డిఫరెన్షియల్ ఉంటుంది. మలుపు తిరిగేటప్పుడు రెండు చక్రాలనూ వేర్వేరు వేగాల్లో తిరగనివ్వడమే దాని పని. స్విఫ్టును గేరులో పెట్టి ముందు ఎడమ చక్రాన్ని గాల్లోకి లేపారనుకోండి. నేల మీదున్న కుడి చక్రం ముందుకు దొర్లబోతే గాల్లో ఉన్న ఎడమ చక్రం హాయిగా వెనక్కి తిరుగుతుంది. గేరుకు ఏమీ తెలియదు, గేరు పట్టు మొత్తం పోయినట్టే. ఆటోమేటిక్‌లో 'పి' (పార్కింగ్) పెట్టినా ఇదే కథ, ఎందుకంటే ఆ లాకు కూడా డిఫరెన్షియల్‌కు ఇవతలే పడుతుంది. అంటే ముందు చక్రాలతో నడిచే బండికి ముందు మూల ఎత్తినప్పుడు మిమ్మల్ని కాపాడేవి వెనక హ్యాండ్ బ్రేకు, అడ్డుచెక్కలు. అంతే.

వెనక మూల ఎత్తితే సంగతి తిరగబడుతుంది. రెండు ముందు చక్రాలూ నేల మీదే ఉంటాయి గనక గేరు బాగానే పట్టుకుంటుంది. హ్యాండ్ బ్రేకు మాత్రం నేల మీద మిగిలిన ఒక్క వెనక చక్రాన్నే పట్టుకుంటుంది. పైగా వెనక డ్రమ్ము (బ్రేకు షూల మీద మూతలా ఉండే గిన్నె లాంటి ఇనుప భాగం) ఊడాలంటే హ్యాండ్ బ్రేకు దించక తప్పదు, లేకపోతే బ్రేకు షూలు డ్రమ్మును వదలవు. పని మధ్యలో, చక్రం విప్పేశాక, ఎవరో ఒకరు లోపలికి వంగి హ్యాండ్ బ్రేకు దించుతారు. అప్పటిదాకా బండిని పట్టుకున్న వాటిలో ఒకటి ఆ క్షణంలోనే పోతుంది. కాబట్టి డ్రమ్ము పని ఉన్న రోజు హ్యాండ్ బ్రేకు లేనట్టే లెక్క వేసుకుని, ముందు చక్రాలు రెండింటికీ ముందూ వెనకా అడ్డు పెట్టాకే జాకీ వేయండి. బొలెరో, ఇన్నోవా లాంటి బండ్లకు వెనక ఒక చక్రం లేపితే డిఫరెన్షియల్ వల్ల గేరు పోతుంది. డ్రమ్ము కోసం హ్యాండ్ బ్రేకు కూడా దించారంటే అడ్డుచెక్కలు తప్ప ఇంకేమీ మిగలదు. మారుతీ ఏజీఎస్ (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు వాటంతటవే మారే రకం) లాంటి బండ్లలో 'పి' ఉండదు. వాటిని గేరులో ఉంచి ఇంజను ఆపేయాలి.

అడ్డుకు గుండ్రాయి పనికిరాదు, అదే చక్రంలా దొర్లుతుంది. ఇటుక నలుగుతుంది. నాలుగంగుళాల చదరపు దుంగ ముక్కను ఐమూలగా కోయిస్తే రెండు చీలిక చెక్కలు వస్తాయి. కట్టెల అడితిలో అడిగితే నిమిషంలో కోసి ఇస్తారు. నాలుగు చేయించుకోండి. చక్రానికి ఆనించి, మడమతో ఒక తన్ను తన్ని బిగించండి. ఎత్తే మూలకు ఐమూలగా ఉన్న చక్రానికి పెడితే చాలని పుస్తకాల్లో ఉంటుంది. నేనైతే ముందు ఎత్తితే వెనక రెండు చక్రాలకూ, వెనక ఎత్తితే ముందు రెండు చక్రాలకూ పెట్టమంటాను. నాలుగు చెక్కలకు అయ్యే ఖర్చు ఒక పూట భోజనం ఖర్చు.

ఇక నేల. మన ఇళ్ళలో ఇది మామూలు విషయం కాదు. మొదట అడగాల్సింది, సంపు ఎక్కడుంది? హైదరాబాదులో చాలా ఇళ్ళకు నీళ్ళ సంపు పోర్టికో కిందే ఉంటుంది, ఒక్కోచోట సెప్టిక్ ట్యాంకు కూడా అక్కడే. బండి మామూలుగా నిలబడితే బరువు నాలుగు టైర్ల మీద పరుచుకుంటుంది. జాకీ వేస్తే రెండున్నర క్వింటాళ్ళు అరచేయంత చోట గుచ్చుకుంటాయి. సంపు మూత మీద గానీ, దాని అంచున గానీ జాకీ పెట్టవద్దు. షాబాదు బండలు, తాండూరు బండలు పరిచిన చోట ముందు సుత్తి పిడితో కొట్టి చూడండి. బోలుగా మోగితే కింద ఇసుక జారిపోయిందని అర్థం, ఆ బండ పగులుతుంది. నున్నని టైల్స్ మీద స్టాండు (ఎత్తిన బండిని నిలబెట్టి ఉంచే ఇనుప పనిముట్టు, దాని సంగతి తరవాత చెప్తాను) కాళ్ళు జారతాయి. తారు రోడ్డు మే నెల మధ్యాహ్నం మెత్తబడుతుంది, స్టాండు కాలు ఒకవైపు దిగబడితే స్టాండు ఒరుగుతుంది. వీటన్నిటికీ మందు ఒక్కటే: అడుగు చదరం, ముప్పావు అంగుళం మందం ఉన్న ప్లైవుడ్ ముక్క. జాకీ కింద ఒకటి, స్టాండు కింద ఒకటి. వాలు నేలకు మాత్రం మందు లేదు. సెల్లారులోకి దిగే ర్యాంపు మీద, గేటు ముందు ఏటవాలు మీద జాకీ వేయకండి. నేల సమంగా ఉందో లేదో కంటికి తెలియకపోతే కాసిన్ని నీళ్ళు పోసి చూడండి, ఎటు పారుతాయో అవే చెప్తాయి.

బండిలో ఎవరూ ఉండకూడదు. తాళం తీసి జేబులో వేసుకోండి. పిల్లలు ఆడుకునే చోటైతే తలుపులు కూడా లాక్ చేయండి.

చక్రం నట్లు బండి నేల మీద ఉండగానే వదులు చేయాలి. పావు వంతో సగం వంతో తిప్పి ఆపండి, పూర్తిగా విప్పకండి. మారుతీ బండ్లలో చాలావాటికి 19 నంబరు, హ్యుందాయ్‌కి 21, వోక్స్‌వ్యాగన్‌కి 17. ఎత్తాక బిగిసిన నట్టు మీద బలం పెడితే ఆ బలం నట్టుకు పోదు, బండిని జాకీ మీద నుంచి తోసేస్తుంది. డిక్కీలో ఇచ్చే పొట్టి పానాతో రాకపోతే అడుగున్నర పొడవున్న రాడ్డు, సరైన సాకెట్టు కొనుక్కోండి. పానా మీద ఎక్కి గెంతకండి. అది జారితే నట్టు మూలలు పోతాయి, ముందు మన మోకాలు పోతుంది.

జాకీ ఎక్కడ పెట్టాలి? తలుపుల కింద బాడీకి అడుగున, రెండు రేకులు కలిపి కుట్టినట్టు ఒక అంచు కిందికి వేలాడుతుంటుంది. ముందు చక్రానికి కాస్త వెనక, వెనక చక్రానికి కాస్త ముందు ఆ అంచు మీద రెండు గాట్లు కనిపిస్తాయి. ఆ గాట్ల మధ్య రేకు లోపల అదనపు బలం ఇచ్చి ఉంటారు. కంపెనీ జాకీ తల మీద గాడి ఉన్నది ఆ అంచు అందులో దిగడానికే. గాట్లకు జానెడు అవతల పెడితే రేకు మడత పడుతుంది, అక్కడి నుంచి తుప్పు మొదలవుతుంది. ఇంజను ఆయిల్ చాంబరు, గేర్‌బాక్సు, ఫ్లోరు రేకు, వీటి కింద జాకీ పెట్టవద్దు. వెనక ఇరుసు దూలం మధ్యలో ఎత్తే అలవాటు షెడ్లలో ఉంది. మీ బండి పుస్తకంలో బొమ్మ వేసి చూపిస్తే సరే, లేకపోతే వద్దు.

ట్రాలీ జాకీ కొన్నవాళ్ళకు రెండు మాటలు. దాని తల చదునుగా ఉంటుంది, ఆ అంచును నలిపేస్తుంది. గాడి ఉన్న రబ్బరు దిమ్మె మధ్యలో పెట్టండి. రెండోది ఇంకా ముఖ్యం. ట్రాలీ జాకీ చెయ్యి నిట్టనిలువుగా లేవదు, కమానులా లేస్తుంది. లేస్తున్న కొద్దీ తల వెనక్కి వస్తుంది. ఆ తేడా సర్దుకోవడానికే దానికి చక్రాలు పెట్టారు. చక్రాల కింద కంకర చిక్కినా, ప్లైవుడ్ అంచుకు తగిలి ఆగినా జాకీ కదలలేదు. అప్పుడు తల బండి కింద జారడమో, బండినే లాగడమో జరుగుతుంది. అందుకే ముందు నేల ఊడవండి, ప్లైవుడ్ వేస్తే జాకీ మొత్తం దాని మీద పట్టేంత పెద్దది వేయండి. ఎత్తేటప్పుడు జాకీ చక్రాలు మెల్లగా దొర్లుతున్నాయో లేదో కనిపెట్టండి. పాత జాకీ ఆయిల్ కారుతూ మెల్లగా దిగుతుంటే దాన్ని బాగు చేయించండి, లేదా పారేయండి.

టైరు నేల నుంచి లేచే ముందు ఒకసారి ఆగండి. కాస్త దూరం జరిగి పక్క నుంచి చూడండి. జాకీ నిటారుగా ఉందా, అడుగు మొత్తం నేలను అంటిందా? ఏ కాస్త వాలినా దించి, సర్ది, మళ్ళీ మొదలుపెట్టండి.

ఇప్పుడు జాక్ స్టాండు. చక్రం మార్చి వెంటనే దించేయడానికి జాకీ ఒక్కటి సరిపోతుంది, అదీ శరీరంలో ఏ భాగమూ బండి కిందికి వెళ్ళకుండా. బ్రేకు పని అంటే గంట, రెండు గంటలు. బోల్టులు గుంజుతాం, సుత్తితో కొడతాం. స్టాండు లేకుండా ఆ పని చేయకండి. ఇటుకలు పేర్చి, సిమెంటు దిమ్మెలు పెట్టి బండి ఆపడం మన వీధుల్లో కనిపిస్తూనే ఉంటుంది. ఇటుక గోడలో బలంగా ఉంటుంది, ఎందుకంటే బరువు దాని ఒళ్ళంతా పరుచుకుంటుంది. బండి అంచు కత్తిలా ఒకే గీత మీద నొక్కితే అది ముందుగా వంగి చెప్పదు, ఒక్కసారే పగులుతుంది. ఇనుము వంగుతుంది, చెక్క కిర్రుమంటుంది, ఇటుక ఏమీ అనదు.

స్టాండు కొనేటప్పుడు దాని మీద రాసింది సరిగ్గా చదవండి. 2 టన్నులు అని ఉంటే అది ఒక్కదానికా, జతకా? చాలావాటి మీద ఉండేది జత లెక్క. కనిష్ఠ ఎత్తు కూడా చూడండి. మన చిన్న బండ్ల అంచు నేలకు జానెడు లోపే ఉంటుంది, చాలా స్టాండ్లు 28 సెంటీమీటర్ల దగ్గర మొదలవుతాయి. అంటే స్టాండు దూరాలంటేనే బండిని పది సెంటీమీటర్లకు పైగా లేపాలి. జాకీ అంత ఎత్తు లేపదని ఇంటికొచ్చాక తెలిస్తే ఇటుక మీద జాకీ పెట్టాలన్న ఆలోచన వస్తుంది. ఆ పరిస్థితే తెచ్చుకోకండి, పొట్టి స్టాండు కొనండి.

స్టాండుకు పళ్ళు, వాటిని పట్టే కొక్కెం ఉంటాయి. ఆ కొక్కెం పన్నులోకి పూర్తిగా దిగిందో లేదో కంటితో చూడాలి, చప్పుడు విని నమ్మకూడదు. 2020లో అమెరికాలో హార్బర్ ఫ్రైట్ అనే పనిముట్ల దుకాణాల సంస్థ 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్లను లక్షల సంఖ్యలో వెనక్కి పిలిచింది. తయారీ పరికరాలు అరిగిపోవడంతో కొన్ని స్టాండ్లలో కొక్కెం పళ్ళను చాలినంత లోతుగా పట్టడం లేదని తేలింది. బరువు కాస్త పక్కకు మారితే అవి ఉన్నట్టుండి దిగిపోవచ్చు. ఆ ఏడాదే, బదులుగా ఇచ్చిన స్టాండ్లలో కొన్నిటికి వెల్డింగు లోపం బయటపడి వాటినీ వెనక్కి పిలిచారు. అక్కడ గ్యారేజీలో సొంతంగా పని చేసుకునే మనవాళ్ళు చాలామందే ఉన్నారు. ఎవరి దగ్గరైనా పాతవి ఉంటే నంబరు చూసుకోమని చెప్పండి. అడ్డంగా కడ్డీ దూర్చే రకం స్టాండులో ఈ బెడద ఉండదు, నాకు అదే ఇష్టం.

ఇక్కడ అందరికీ వచ్చే చిక్కు ఒకటుంది. జాకీ పెట్టాల్సిందీ ఆ గాట్ల దగ్గరే, స్టాండు పెట్టాల్సిందీ అక్కడే. ట్రాలీ జాకీ ఉంటే, పుస్తకంలో చూపిన ముందు అడ్డదూలం దగ్గర మధ్యలో ఎత్తి, రెండు పక్కల గాట్ల కింద రెండు స్టాండ్లు పెట్టొచ్చు. కంపెనీ జాకీ ఒక్కటే ఉంటే గాట్ల దగ్గర ఎత్తి, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి బండికి కలిపే ఇనుప చెయ్యి) వచ్చి బిగుసుకునే సబ్‌ఫ్రేము, అంటే బండి కింది ఇనుప చట్రం, దాని కింద స్టాండు పెట్టండి. అక్కడ మందపాటి ఇనుము ఉంటుంది. స్టాండు పెట్టేటప్పుడు చెయ్యి మాత్రమే లోపలికి వెళ్ళాలి, తల వెళ్ళకూడదు. తరవాత జాకీని మెల్లగా దించి బరువు స్టాండు మీదికి రానివ్వండి. జాకీ తీసేయకండి, ఊరికే ఆనుకుని ఉండేలా వదిలేయండి. ఇప్పుడు లేచి నిలబడి, మడ్‌గార్డు దగ్గర రెండు చేతులూ ఆనించి బండిని గట్టిగా ఊపండి. పడేదుంటే ఇప్పుడే, మీరు బయట ఉండగానే పడాలి. విప్పిన చక్రాన్ని బాడీ అంచు కింద పడుకోబెట్టండి. ఏం జరిగినా జానెడు సందు మిగులుతుంది.

చక్రం హబ్బుకు తుప్పు పట్టి అతుక్కుపోతే నట్లు రెండు వంతులు వదులుగా ఉంచి, టైరును పక్కల నుంచి మార్చి మార్చి మడమతో తన్నండి. స్టాండు లేకుండా ఈ పని చేయకూడదు.

బ్రేకుల సంగతి. ముందు డిస్కు వేడిగా ఉంటే అరగంట ఆగండి. కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం) వెనక కింది బోల్టు విప్పితే చాలా బండ్లలో కాలిపర్ పైకి తిరుగుతుంది. పూర్తిగా తీస్తే తీగతో స్ప్రింగుకు కట్టండి, గొట్టం మీద వేలాడనివ్వకండి. కొత్త ప్యాడు మీద రాపిడి పదార్థం 10 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. 3కి వచ్చిందంటే మార్చేయండి. రెండు వైపులా మార్చాలి, ఒకవైపు మాత్రమే మారిస్తే బ్రేకు కొట్టినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. కాలిపర్‌లో ప్యాడును నెట్టే పిస్టన్‌ను లోపలికి తోసేటప్పుడు బ్రేకు ఆయిల్ డబ్బాలో మట్టం పెరుగుతుంది, పొంగి రంగు మీద పడితే రంగు లేస్తుంది. బానెట్ తెరిచి ఒక కన్నేసి ఉంచండి. వెనక డ్రమ్ము బిగుసుకుంటే దాని ముఖం మీద రెండు మరల రంధ్రాలు ఉంటాయి. 8 ఎంఎం బోల్టులు రెండు తీసుకుని కొద్దికొద్దిగా మార్చి మార్చి బిగిస్తే డ్రమ్ము దానంతటదే బయటికొస్తుంది. బ్రేకు దుమ్మును నోటితో ఊదకండి, గాలి కొట్టకండి. చవక రకం బ్రేకు షూలలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ కవర్లో కట్టి పారేయండి.

బిగించేటప్పుడు నట్టు కోసుగా ఉన్న ముఖం చక్రం వైపు ఉండాలి. మొదటి నాలుగు చుట్లు వేళ్ళతోనే. ఎదురెదురుగా బిగించుకుంటూ పొండి, టైరు నేలను తాకాక చివరి బిగింపు. మరలకు గ్రీజు, ఆయిల్ రాయకండి. జారుడు వల్ల అదే బలానికి బోల్టు ఎక్కువ సాగుతుంది.

ఇంకొక్కటి, ఇది మరిచిపోతే ఇంతసేపు పడ్డ శ్రమంతా గోడకు గుద్దుకుంటుంది. పిస్టన్లు లోపలికి తోశాం కదా, మొదటి తొక్కుడుకు పెడల్ నేలదాకా పోతుంది, బ్రేకు పట్టదు. ఇంజను స్టార్టు చేయకముందే పెడల్ గట్టిపడేదాకా ఐదారు సార్లు తొక్కండి. తరవాత డబ్బాలో ఆయిల్ మట్టం చూడండి. అప్పుడే గేరు.

ప్రశ్నలు ఉంటే అడగండి.

రోడ్డు పక్క మెకానిక్‌లు స్టాండు లేకుండానే చేస్తారు కదా అంటున్నారు. నిజమే. వాళ్ళలో కొందరి చేతుల వైపు కూడా ఒకసారి చూడండి.

ఎలక్ట్రిక్ కారుకు? బ్యాటరీ ఫ్లోరు కిందంతా పరుచుకుని ఉంటుంది. గుర్తు పెట్టిన చోట తప్ప ఇంకెక్కడా ఆనించకండి. బరువు కూడా ఎక్కువే, జాకీ, స్టాండు సామర్థ్యం చూసుకోండి. వెనక ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న ఏ బండికైనా సర్వీసు మోడ్‌లో పెట్టకుండా పిస్టన్ తోయవద్దు, మోటారు పాడవుతుంది.

వెనక కూర్చున్న అమ్మ అడుగుతున్నారు, టార్క్ రెంచీ లేకపోతే ఎంత బిగించాలో ఎలా తెలుస్తుందని. మంచి ప్రశ్న. చిన్న కార్లకు సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ బండి అంకె పుస్తకంలో చూడండి. 40 సెంటీమీటర్ల పొడవున్న రాడ్డును నేలకు సమాంతరంగా ఉంచి, చివర పాతిక కిలోల బరువు వేస్తే దాదాపు 100 అవుతుంది. పాతిక కిలోల బియ్యం బస్తా ఎత్తినప్పుడు చేతికి ఎంత బరువు తెలుస్తుందో, రాడ్డు చివర అంత బలంతో కిందికి నొక్కాలి. కాలు పెట్టి తొక్కితే రెండు మూడింతలు పడుతుంది. తరవాత హైవే మీద పంక్చరు అయితే ఆ నట్టు మీ చేతికి రాదు. టార్క్ రెంచీ కొనుక్కుంటే ఇంకా మంచిది. ఏది వాడినా 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక, చక్రం చల్లారాక, ప్రతి నట్టునూ ఇంకోసారి పట్టి చూడండి.